చచ్చినా వదలని రంగు

ఖోన్‌కేన్‌లో శవం అనరు,
పెద్ద గురువు అంటారు.
చేతులు జోడించాకే కత్తి పడతారు.

మొదటి వారం ముంజేయి.
తడిపిన కవరు మీంచి స్టాంపు ఊడదీసినట్టు
చర్మం ఒలుస్తోంది సుదారత్.
పసుప్పచ్చ కొవ్వు, దాని కింద తెల్లటి టెండన్లు.
ఒకదాన్ని లాగితే
చూపుడువేలు ముడుచుకుంది, రమ్మన్నట్టు.
ఎవరూ నవ్వలేదు.

గోళ్ళు నీలం.
"ఆక్సిజన్ అందలేదు" అన్నాడు థనిత్,
రాత్రి చదివిన పాఠం.

నేల తుడుస్తున్న బువాలై వంగి చూసింది.
"కాదు బాబూ, నీలిమందు.
మా సకోన్‌నఖోన్‌లో నూలుకి రంగెక్కించే ఆడవాళ్ళని
చచ్చినా వదలదు."
తొడుగు తీసి తన వేళ్ళు చూపించింది.

సుదారత్ మళ్ళీ కత్తి అందుకుంది.
ఇందాకటి టెండన్లే,
ఇప్పుడు పడుగు పోగులు.
ఒక్కటీ తెగకుండా
సందుల్లో వేలు పెట్టి దారి వెతుక్కుంటోంది,
గంట మోగినా.