కంట్లో చుక్క

ఖోవ్ద్ దాటి డెబ్భై కిలోమీటర్లు. జీపు ఆగినచోటే దొడ్డి.
ఐసుపెట్టెలో మందు, జేబులో నీలిరంగు సుద్ద.
సెవ్‌జిద్ గొర్రె మెడను మోకాళ్ళ మధ్య ఇరికించి
రెప్ప ఎత్తి పట్టుకుంది.
ఒక చుక్క.
గొర్రె తల విదిలించింది. నుదుట నీలం గీత గీశాను.
తరవాతిది.

మూడొందల పన్నెండో గొర్రె దగ్గర
ఆమె నడుం పట్టేసింది.
"పొద్దుగూకితే జ్వరం, తెల్లారితే చెమట.
వస్తుంది, పోతుంది, చుట్టపుచూపుగా.
వయసు అంటాడు మా ఆయన. నాకు ముప్పైనాలుగు."

పోయిన వసంతంలో గొర్రెలు ఈసుకుపోతుంటే
చచ్చిన పిల్లల్ని ఉత్త చేతుల్తోనే లాగింది.
మాయ కుక్కకు వేసింది.
ఆ చేతుల్తోనే పిండి కలిపింది.
వద్దని చెప్పాల్సినవాణ్ణి నేనే.
ఆ ఏడు మా జీపుకు పెట్రోలు మంజూరు కాలేదు.

"నా కంట్లోనూ ఒక చుక్క వేయరాదూ?"
నవ్వుతూనే అడిగింది,
తన రెప్ప తనే ఎత్తి పట్టుకుని.
ఎర్రటి జీరలు. గాలికి ఊరిన నీళ్ళు.

మనుషులకు లేదమ్మా ఈ మందు.
గొర్రె కంట్లోంచే నీకు రావాలి.

మంద వైపు చూసింది,
నీలం నుదుళ్ళను కాదు,
ఇంకా గీత పడని ఆ మూలను.

ఊరి ఆసుపత్రికి చీటీ రాశాను.
చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఆమె పేరు వంకరగా పడింది.
చీటీ బూటులో దోపుకుంది.
నా తొడుగులు వేసుకుంది. వేళ్ళ చివర్లు
ఖాళీగా వేలాడుతున్నాయి.

"ఇంకా నూటెనభై," అంది
మరో మెడ ఇరికిస్తూ,
"కానీ, పొద్దు పోతోంది."