ఒత్తు పోయిన ఊరు

స్టేషను పక్కన ఆర్.ఎం.ఎస్. ఆఫీసులో
ఉత్తరాలు ఏరే బల్ల ముందు నిలబెట్టి
హజరత్తయ్య నాకు నేర్పిన మొదటి సంగతి:
"అచ్చరాలు చూడబాక.
ఏ నోరు పలికిందో చూడు.
యాడికి పోవాల్నో అదే చెప్పుద్ది."

గూడూరు అభ్రకం కంపెనీకి హాంబర్గు నించి వచ్చే కవర్ల మీద
మనూరు పేరు నిటారుగా, కొసన ఇంకేమీ లేకుండా,
నెల్లూర్, అని టక్కున ఆగేది.
ఫ్రాన్సు కవరు మీద అదే ఊరికి
పక్కనే ఒక సున్నా ఎక్కువ,
పిలవకుండా వచ్చి పంక్తిలో కూర్చున్న చుట్టంలా.
మిషనాసుపత్రి నర్సమ్మకి హాలండు నించి వాళ్ళమ్మ రాసే కార్డులో
ఓ, ఈ జతగా చేతులు పట్టుకొని ఉండేవి.
వాళ్ళ దేశంలో ఆ రెండూ కలిస్తే ఊ అంట.
ఇంగ్లీషు వాళ్ళది మాత్రం
చివర నోరు తెరిచి, ఏమీ అనకుండా ఊరుకునే ఈ.
స్టేషను బోర్డు మీద అదే.
ఏలినోళ్ళు గదా.

"మరి మనదో?" అన్నా ఒక రాత్రి, మెయిలు రెండు గంటలు లేటు.
"నెల్లి అంటే ఉసిరిక. మూలస్థానం సామి ఆ చెట్టు కిందే దొరికినాడంట."
"ఉసిరిక లేదు ఏం లేదు. నెల్లు అంటే వడ్లు,"
సంచుల మీద పడుకొన్న షణ్ముగం, అరవం ఇంటి మనిషి, లేవకుండానే అన్నాడు,
"మూడు పూట్లా మొలగొలుకులు తింటా ఉసిరికాయంటావేంది?"
తెల్లారేదాకా తెగలేదు.
పేరెందుకొచ్చిందో తెలవకుండానే
ఊరు హాయిగా నిద్ర పోయింది.

ఆ ఏడు వానల్లో వచ్చిందా కార్డు.
బొమ్మలో తెల్లటి ఎద్దు, కొండంత మూపురం.
కింద ఊరి పేరు, ఒకటే లకారం.
ఒత్తు సముద్రంలో జారిపోయినట్టుంది.
గోవా నించి వచ్చిన చర్చి ఫాదరు చదివి చెప్పినాడు:
బ్రెజిలు మనిషి. మందలున్నాయంట.
మా దేశంలో నెలోరి అంటే పశువే,
అది ఊరని మా పిల్లోళ్ళకి తెలీదు,
మీ అచ్చరాల్లో ఒకసారి రాసి పంపండి, అని.

హజరత్తయ్య బొమ్మని చూస్తానే నవ్వినాడు.
"ఒరే, ఇది మా ఆడోళ్ళ పుట్టింటిదిరా!
ఒంగోలు గిత్త!"
ఓడెక్కిన నాడు ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాయే.
పశువు ఆ ఊరిది, పేరు కలెక్టరు కచేరీది.
భార్యకి మాత్రం చెప్పలేదు.
ఆమె ఊరుకోదు.

జవాబు నా చేతే రాయించినాడు.
పేరు మాత్రం తానే, ఇంత లావున,
లకారం కింద లకారం అదిమి పెట్టి.
వెనక్కి తిప్పి చిరునామా రాయబోతా ఆగినాడు.
ఆయనుండేది టోనాసుపేట.
ఎవరో ఇంగ్లీషు దొర పేరంట అసలుకి,
రాతి ఇల్లని అర్థమంట,
మా నోళ్ళలో నానీ నానీ ఇటికె కూడా మిగల్లేదు.
"చెల్లుకు చెల్లు," అన్నాడు, జిగురు నాకి అంటిస్తా.

ఏడాదిన్నరకి కవరు తిరిగొచ్చింది.
మనిషి లేడని ముద్ర.
ఇల్లు మారినాడో, మందలమ్మేసినాడో.
మూలలన్నీ అరిగి, నాలుగు దేశాల మసి.
అయితే మా తెలుగు పేరు కింద
పెన్సిలుతో ఎవరో, అక్కడి బల్ల ముందు నిలబడే
మాలాంటోడే ఎవడో,
చూసి దిద్దినాడు.
ఒకసారి కాదు, ఆరు సార్లు.
మొదటిది ముగ్గులాగుంది.
మూడోదానికి కొమ్ము తిరిగింది.
ఆరోదాంట్లో అన్నీ కుదిరినాయి గానీ
ఒత్తు తీసుకెళ్ళి నెత్తిన పెట్టినాడు,
మోపు ఎత్తుకున్నట్టు.

ఆ కవరుకి గూడు లేదు మా దగ్గిర.
షణ్ముగం కూడా లేచొచ్చి చూసినాడు.
ప్లాట్‌ఫారం మీద మెయిలు కూత పెడతా ఉన్నా
హజరత్తయ్య దాన్ని దీపం కింద పట్టుకొని
పెదాలు కదిలిస్తా అట్టే నిలబడ్డాడు,
ఆరోదాన్ని
రాసినోడి నోటితో పలకాలని.