ఎవరిదో కోటు

నెబ్రాస్కాలో కౌంటీ కోర్టు. బయట మంచు.
ఓరిన్ కుచేరా మీద నేరారోపణ:
హోటలు కొక్కేనికున్న పరాయి కోటు తొడుక్కుపోయాడని.
దాని జేబులో నాలుగొందల డాలర్లు.

"చేతికి మనసు తోడైతేనే నేరం,"
జడ్జి ముక్కు చీదుకుని చెప్పింది,
"సందేహం మిగిలితే అది అతని సొత్తు."

చేతిని కెమెరా పట్టింది.
మనసుని బోనెక్కించడం ఎవరి తరం?

మూడు గంటలు కొట్లాడుకున్నాం పన్నెండుమందిమి.
ఆరో నంబరు జ్యూరర్ బల్ల గుద్దాడు:
"తన కోటు బరువు తన భుజానికి తెలీదా?"
తెలుస్తుందనే నేనూ తలూపాను.

చీకటి పడింది. రేపు రమ్మన్నారు.
మెట్లు దిగి కారు తాళాలకని జేబు తడిమితే
ఎవరివో దగ్గు బిళ్ళలు,
పసిపిల్ల చేతితొడుగు ఒకటి.

వీధి దీపం కింద
ఆరో నంబరు
నా కోటులో హాయిగా నడిచిపోతున్నాడు.