పేరు రాయని రెండు బెజ్జాలు

కాకినాడ పాలిటెక్నిక్ నించి పేరి సోమేశం గారు
చంకలో రేకు గొట్టంతో బస్సు దిగి
రేవు దాకా నడిచొచ్చారు.
తాళ్లరేవులో ఆ పూట పోటు ఇంకా రాలేదు.
సగం కట్టిన నావ బురదలో ఒరిగి
తినేసిన పండుగప్ప ముల్లులా ఉంది.
గొట్టంలోని నీలం కాగితాన్ని దుంగ మీద పరిచి
ధర్మరాజు తాత
నాలుగు మూలలా మేకుల డబ్బాలు పెట్టాడు.

"జర్మనీ వాళ్లది. మొదటి యుద్ధం ఓడిపోయాక గీసింది.
కుర్రాళ్లకి ఎగరడం నేర్పే విమానం.
మా క్లాసుకి నాలుగో వంతు నమూనా కావాలి."

తాత విమానం ఎక్కలేదు. రైలూ ఎక్కలేదు.
గీత మాత్రం చదువుతాడు,
నీరు పల్లాన్ని చదివినట్టు.
"వెన్నుంది, పక్కటెముకలున్నాయి. ఇదీ నావే.
రెక్కలేంటండీ, ఒకదాని మీద ఒకటి?"
"గాలి పట్టు ఎక్కువ. మెల్లగా దిగుతుంది.
నేర్చుకునేవాడు తప్పు చేస్తాడు కదా,
దిద్దుకోడానికి టైమివ్వాలి."
తాత నా వంక చూశాడు.
ముందు వారమే నేను బాడిత జార్చి
మంచి టేకు పలక పాడుచేశాను.

అక్కడ చలిదేశపు చెట్టట, తేలిక, ముడి లేని కర్ర.
మాకు ఓడరేవులో విప్పిన యంత్రాల పెట్టెలు దొరికాయి.
చిత్రిక పట్టేకొద్దీ
వాటి మీది నల్ల అక్షరాలు
చుట్టలు చుట్టుకుని ఇసకలో రాలాయి.
జిగురు పాలవిరుగుడుతో చేసేవారని వింటే
సూరమ్మ మామ్మ నవ్వాపుకోలేకపోయింది.
మర్నాడు గేదెపాలు విరగ్గొట్టి, సున్నం కలిపి,
తనే తెచ్చిచ్చింది. పట్టింది.
రెక్కలకి అంగర పంచెలు. బిగువుకి గంజి,
గంజి మీద మూడు పూతల వార్నీషు.
వేలితో మీటితే డప్పులా పలికేది.
చేపనూనె వాసనే ఎంతకీ వదల్లేదు.

కూర్చునే గుంటలు రెండు, ఒకదాని వెనక ఒకటి.
నేర్చేవాడికో పిడి, నేర్పేవాడికో పిడి,
అడుగున రెంటినీ కలుపుతూ ఒకే ఊస.
ఒకడు కదిపితే రెండోవాడి గుప్పిట్లో కదులుతుంది.
"గురువు గట్టిగా పట్టుకుంటేనండీ?" అన్నాను.
"పిల్లాడెప్పటికీ నేర్చుకోడు."
"వదిలేస్తే?"
సోమేశం గారు కాగితం కేసి చూశారు.

ముక్కు దగ్గర, ఇంజను వెనకగా,
రెండు చిన్న సున్నాలు.
కాగితంలో మేకు మేకుకీ పేరుంది, వీటికి లేదు.
తాత వేలు అక్కడే ఆగింది.

ఆయన కళ్లజోడు తీసి తుడిచారు.
ఓడిన దేశం యుద్ధవిమానాలు కట్టకూడదని కట్టడి.
ఆటలకనీ క్లబ్బులకనీ పేరు పెట్టి కట్టుకున్నారు.
గీసినవాడు
చోటు వదిలిపెట్టాడు.
"దేనికి?"
"తుపాకీకని నా అనుమానం."

పోటొచ్చింది. అడుగున నీళ్లు చేరి
ఒరిగిన నావని కొంచెం కొంచెంగా నిలబెట్టాయి.
"గీసినాయనకి పిల్లలున్నారా?"
"తెలీదు ధర్మరాజూ."
"ఉండే ఉంటారు. ఈ గుంట కొలత చూడండి,
పద్దెనిమిదేళ్లవాడి మోకాలు.
ఊహించి గీస్తే ఇంత బాగా కుదరదు."

బెజ్జాలు మానేద్దామా అన్నారు సోమేశం గారే.
తాత ఒప్పుకోలేదు.
బరమా నా చేతికిచ్చి, నా చేతి మీద తన చెయ్యి వేశాడు.
ఎప్పుడు తీసేశాడో తెలీదు.
రెండోది నేనొక్కణ్ణే దించానని
పొట్టు ఊదుతున్నప్పుడు గమనించాను.
ఆ సాయంత్రం మడకర్రతో రెండు బిరడాలు చెక్కి
దారంతో బెజ్జాల పక్కన వేలాడదీశాడు.
"బెజ్జం పెట్టి పంపినవాడు
బిరడా కూడా పంపాలి" అన్నాడు.
దానికి డబ్బు తీసుకోలేదు.

నలభై ఏళ్లకి ఏదో పని మీద కాలేజీకెళ్లాను.
మెట్ల కింద, విరిగిన బల్లల మధ్య ఉంది.
కింది రెక్క గుడ్డ ఎలకలు కొట్టేశాయి.
పిడి కదిపితే, వెనక గుంటలో రెండోది
ఇంకా కదిలింది.
ఒక బిరడా దారానికుంది. దాన్ని దాని చోట్లో బిగించాను.
రెండోది లేదు.
ఆ బెజ్జానికి చిటికెనవేలు అడ్డం పెట్టి
తాళ్లరేవు బస్సు టైమయ్యేదాకా
అక్కడే నిలబడ్డాను.