ఎర్ర దీపం

త్బిలిసి దుకాణంలో కుర్రాడు
ఖరీదైనదే చేతిలో పెట్టాడు.
ఎన్ని మైకులైనా తగిలించుకోవచ్చన్నాడు.
నేనడిగింది ఒకటే:
కరెంటు పోతే ఇది ఏం తిని బతుకుతుంది?
రెండు పెన్సిల్ సెల్స్‌తో కడుపు నిండే చిన్నదాన్ని
కోటు జేబులో వేసుకుని కొండెక్కాను.

మెస్తియా దాటాక గాలి గాలిలా ఉండదు,
తలుపు తన్నే అప్పులవాడిలా ఉంటుంది.
మైకుకి బొచ్చు టోపీ తొడిగితే
నానులి అవ్వ పిల్లి అనుకుని
పాల గిన్నె తెచ్చిపెట్టింది.

పాడేవాళ్లు ముగ్గురు.
నడిమి గొంతు బిముర్జాది, ఎనభై ఒకటి.
స్థాయిని తానే సర్దుకునే మీట ఆపేశాను,
లేకపోతే గుసగుసనీ గర్జననీ
ఒకే గీత మీద నిలబెడుతుంది, బడి పంతులులా.
మైనస్ పన్నెండు దగ్గర బుద్ధిగా ఆడుతోంది గీత.
ఇంతలో కింది గొంతు లేచింది.
ఎర్ర దీపం.
కంగారులో ఒక మెట్టు దించాను;
ఆ మెట్టు పాటలో ఇప్పటికీ తగులుతుంది.

పొయ్యి పక్కన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని
బిముర్జా చాలాసేపు విన్నాడు.
"ఎవడీ నడిమివాడు?
చివర్లో ప్రతిసారీ జారుతున్నాడు."

మిగతా ఇద్దరూ నిప్పుని చూశారు,
అరవై ఏళ్లుగా ఆ జారుడుకి తగ్గట్టు
తామూ జారుతూ వచ్చినవాళ్లు.

"మళ్లీ నొక్కు," అన్నాడు.
ఈసారి అతను జారలేదు.
ముగ్గురూ కలవలేదు.

కార్డులో రెండూ ఉన్నాయి.
రెండోదానికి ఇంకా పేరు పెట్టలేదు.