మంచుబండికి సెలవులు

మే నెల సగందాకా మంచు తోసినవాణ్ణి.
ఇప్పుడు పనిలేదు.
జీతం సగం, ఆకాశం మొత్తం.

మా ఊళ్ళో వేసవి పదకొండు వారాలు.
చేతివేళ్ళు పదీ అయిపోయాక
కాలి బొటనవేలొకటి అప్పు తెచ్చుకుంటాం.
ఉష్బా నెత్తిన ఇంకా తెల్లగానే ఉంది.
ఉండనీ,
అంత పైరోడ్డు నా డ్యూటీలో లేదు.

పొద్దున్నే వంతెన మీదికి ఆవులొస్తాయి.
ఎంగురి నది గాలికి అక్కడ ఈగలు వాలవని
వాటి ముత్తవ్వలెవరో చెప్పిపోయి ఉంటారు.
కిందనుంచి వచ్చే వ్యాను హారన్ కొడుతుంది.
ఆవులు నెమరేస్తాయి.
నుగ్జార్ ఇంజన్ ఆపి, దిగి,
సిగరెట్ ముట్టించుకుని నన్నడుగుతాడు:
"నీ బండి తెచ్చి వీటిని కాస్త తోస్తావా?"
రోజూ అదే మాట. రోజూ నవ్వొస్తుంది.
ఇక్కడ హాస్యం కూడా ఎండలాంటిదే,
పాతబడేంత కాలం ఉండదు.

మాక్వలాకి డెబ్బైనాలుగు.
నా ఎత్తున్న కొడవలి పట్టుకుని
వాలు మీద గడ్డి కోస్తుంది,
పడుకున్న పిల్లాడి మీంచి దుప్పటి తీసినంత మెల్లగా.
నేను సాయానికెళితే
మంచు తోసిన భుజాలాయె, ఊరుకోవు.
"కోస్తున్నావా, కొడుతున్నావా?" అంటుంది.
మధ్యాహ్నం రొట్టె, ఉప్పుజున్ను, పచ్చి ఉల్లికాడలు.
తర్వాత గడ్డిమోపు మీద కునుకు.
లేచేసరికి మెడ మీద ఎర్రగా దద్దుర్లు.
పర్వాలేదు,
శీతాకాలం గోక్కోవడానికి మెడే దొరకదు,
నాలుగు మఫ్లర్ల కింద ఉంటుంది.

చర్చి వెనక పుల్లనీళ్ళ ఊట.
ఆ నీళ్ళు తాగితే పాత తాళంచెవి నాకినట్టుంటుంది.
మోకాళ్ళకి మంచిదంటారు, మతిమరుపుకీ మంచిదంటారు.
నాకైతే తేన్పులొచ్చాయి.
అయినా సాయంత్రానికి సీసా పట్టుకుని బయల్దేరతాను.
ఊళ్ళో సగంమంది అక్కడే ఉంటారు,
నీళ్ళు నిండాక కూడా సీసా మూత బిగించకుండా.

త్సిరా గుమ్మం ముందు ఆగుతాను.
ఫిబ్రవరిలో ఓ రాత్రి
ముందు నా బండి, వెనక అంబులెన్స్, దాన్లో ఆమె.
ముప్పై కిలోమీటర్లు, ఆరు గంటలు.
అద్దంలో ఆ ఎర్రలైటు కనిపించకుండా పోతే
ఆపి, దిగి, పిలిచేవాణ్ణి.
ఆ పిల్ల ఇప్పుడు చాపమీద బోర్లాపడుతోంది.
ఎండ ముక్కొకటి పక్కన పడితే
పట్టుకోబోయి, దొరక్క,
నా చెప్పు పట్టుకుంది.
ఏమీ మాట్లాడలేదు నేను.
చెప్పు వదిలేదాకా ఒంటికాలి మీద నిలబడ్డాను.

కరెంటు పోతే ఎవరూ తిట్టుకోరిప్పుడు.
బండి నీడ ఉన్నంతసేపు పాచికలు,
నీడ పోయాక వెన్నెల్లో పాచికలు.
నుగ్జార్ మోసం చేస్తాడు.
చూసీ చూడనట్టుంటాం,
వాడికి జూలైలోనే గెలుపు అచ్చొస్తుంది.

నిన్న మున్సిపాలిటీ నుంచి కాగితం వచ్చింది:
ఆగస్టు ఒకటిన మంచుబండి ఇంజన్ పరీక్ష.
వెళ్ళి తలుపు తీశాను.
డ్రైవర్ సీటు మీద మాక్వలాగారి చుక్కలకోడి,
కింద తొమ్మిది గుడ్లు.
స్పాంజి చిరుగులోంచి పీకి గూడు సర్దుకుంది.
ఎప్పట్నించి పొదుగుతోందో అడిగి,
ఇరవై ఒక్క రోజులు వేళ్ళమీద లెక్కేసి,
అదే కాగితం వెనకవైపు జవాబు రాశాను:
"అయ్యా, సాంకేతిక కారణాలవల్ల
ఆగస్టు తొమ్మిదిదాకా బండి కదలదు."
కింద సంతకం పెడుతుంటే
కోడి ఒక కన్ను నావైపు తిప్పింది,
హారన్ జోలికి మాత్రం రావద్దన్నట్టు.