తడిగుడ్డ

నహుయెల్బుతా కొండల్లో ఫిబ్రవరి నడివేసవి.
కింద లోయలో పదకొండు మంది
నిప్పు రాకముందే నేల గీరుతున్నారు.
ఆకూ అలమూ, వేళ్ళూ, పైన్ సూదులూ
అన్నీ లాగి పారేసి
ఎర్రమన్ను బయటపడేదాకా
మీటరు వెడల్పు బాట.
ఉత్త మన్నుని నిప్పు ముట్టదు.

పన్నెండో మనిషి యస్నా కత్రిలేయో.
ఆమె చేతిలో పార లేదు, రంపం లేదు.
బోడిగుట్ట మీద నిలబడి చూడటమే పని.
"అదీ ఓ పనేనా?" అని మొదటి వారం
రంపం పట్టే ఎలిసెయో నవ్వాడు.

రేడియో, గడియారం, నీళ్ళ సీసా,
ఒక పలకకి బిగించిన రెండు థర్మామీటర్లు.
ఒకటి పొడిది.
రెండోదాని బుడ్డికి చిన్న తడిగుడ్డ,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద వేసినట్టు.
పిడి పట్టుకుని ఆ పలకని
వడిసెల తిప్పినట్టు తిప్పుతుంది,
నిమిషం, నిమిషంన్నర.
గుడ్డ ఎంత వేగంగా ఆరితే
అడవికి అంత దాహం.

పదకొండింటికి ముప్పై ఒకటి, ఇరవై.
పట్టిక చూసి రాసుకుంది: తేమ ముప్పై అయిదు.
రెండింటికి ముప్పై ఆరు, పంతొమ్మిది.
తేమ పద్దెనిమిది.
నమ్మక, గుడ్డ మళ్ళీ తడిపి మళ్ళీ తిప్పింది.
అంతే.

అప్పటిదాకా సముద్రపు గాలికి
అటు వాలిన పొగ
ఇప్పుడు నిటారుగా లేచింది, ఏదో విన్నట్టు.
ఆమె కుడిచెవికి వెచ్చగా తగిలింది.
పుయెల్చే అంటారక్కడ దాన్ని.
తూర్పు పర్వతాలు దిగొచ్చే గాలి,
తడంతా అవతలే దులిపేసుకుని.

"రోసమేల్, పైకి రండి. నిన్న కాలిన నేలలోకి."
"ఇంకా నలభై మీటర్లే మిగిలింది యస్నా."
"నలభై మీటర్లు ఎక్కడికీ పోవు. రండి."

రేడియో గరగరలాడి ఊరుకుంది.

ఆ దారి పొద్దున్నే నడిచి చూసింది.
అందరికంటే నిదానం అర్సేనియో, మోకాలి నొప్పి మనిషి.
ఆయన నడకతోనే కొలిచింది.
పద్నాలుగు నిమిషాలు.
ఇప్పుడా పద్నాలుగూ
గడియారంలో కాదు, ఆమె గొంతులో కొట్టుకుంటున్నాయి.

వెదురు పొదల్లోంచి పసుపు టోపీలు
ఒకటి, రెండు, అయిదు,
తొమ్మిది.
పది.
పది దగ్గర చాలాసేపు ఆగింది లోకం.
కర్ర ఊతంతో అర్సేనియో, తిట్టుకుంటూ.

బూడిదలో కూర్చున్నారంతా.
కిందటి రోజే తినేసిన చోట నిప్పుకి మళ్ళీ ఆకలేయదు.
వేయించిన గోధుమపిండి
నీళ్ళలో కలుపుకుని తాగారు.
ఎవరూ ఆమెతో మాట్లాడలేదు.

గాలి వచ్చింది. పది నిమిషాలు వీచింది.
మంట ముప్పై అడుగులు ముందుకేసి,
ఆలోచించుకుని,
పడుకుంది.

బాట దాకా రానేలేదు.

సాయంత్రం కంపెనీ మనిషి వచ్చి అడిగాడు,
నలభై మీటర్లు ఎందుకు వదిలేశారని.
రోసమేల్ కాగితం నింపాడు.
గాయాలు: లేవు.
సంఘటన: ఏమీ లేదు.
జరగనిదాన్ని రాసే గడి
ఆ కాగితంలో ఎక్కడా లేదు.

తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళని గురించి
మనకో మాట ఉంది.
బొటనవేలంత తడిగుడ్డతో
పదకొండు గొంతులు కాసిన మనిషికి
మాటేదీ దొరకలేదు నాకు.

ఆ రాత్రి గుడారంలో గురకలు లెక్కపెట్టింది.
పది వినిపించాయి.
లేచి టార్చి వేసి చూస్తే
ఎలిసెయో మేలుకునే ఉన్నాడు.

తెల్లారి నీళ్ళ ట్యాంకు దగ్గర
అతను ఏమీ అనలేదు.
ఆ గుడ్డకి మసి తగిలితే అబద్ధాలు చెబుతుందని
ఎవరు చెప్పారో,
ఆమె చిన్న సీసా రెండుసార్లు కడిగి
ముందు దాన్ని నింపాడు,
తర్వాత తనది.